ఒక్క అంకణం మట్టికి వదలండి

మన నెల్లూరులో ఇంటి స్థలాన్ని అంకణాల్లో చెప్పుకుంటాం. అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 చదరపు గజాలు. పాతిక అంకణాలు కొని ఇల్లు కట్టుకునే కుటుంబం ఇంజనీరుతో ఎన్నో మాట్లాడుతుంది. కారు ఎక్కడ పెట్టాలి, మెట్లు ఏ వైపు రావాలి, పూజగది ఏ మూలన ఉండాలి, బోరు ఈశాన్యంలో పడిందా లేదా... కూరమడి ఎక్కడ అని అడిగేవాళ్లు మాత్రం అరుదు. ఇల్లు పూర్తయ్యేసరికి ప్రహరీ గోడ దాకా టైల్సో సిమెంటో పరిచేస్తారు. మట్టి ఉంటే దుమ్ము, పాములు అంటారు. గేటు పక్కన నాలుగు క్రోటన్ కుండీలు పెట్టి, పచ్చదనం సంగతి అయిపోయిందనుకుంటారు.

ఆ పాతికలో ఒక్క అంకణం మట్టిగానే ఉంచండని అడగడానికి ఇది రాస్తున్నాను. అడుగుతున్నది తోటపని నిపుణుడు కాదు. రోజూ బీపీ, షుగరు, రక్తహీనత చూసే ప్రభుత్వాసుపత్రి డాక్టరు.

కంచంలో కూర ఎంత?

షుగరు, బీపీ రోగులను ఓపీలో నేను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. 'నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం తిన్నారు?' అని. 'కూరగాయలు తింటానే ఉండాం సార్' అన్నది మొదట వచ్చే జవాబు. పూట పూటకూ అడిగితే లెక్క తేలుతుంది. పొద్దున ఇడ్లీ, చట్నీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు, ఆవకాయ, పెరుగు. రాత్రి మళ్లీ అన్నం, లేకపోతే రెండు చపాతీలు. చేపల పులుసు పెట్టిన రోజు కూర ఊసే ఉండదు. రోజంతా కలిపి కంచంలోకి వచ్చిన కూర నాలుగైదు చెంచాలు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2000 కిలోక్యాలరీలు తినే మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలంది. ఇది పచ్చివాటి బరువు. ఇందులో 100 గ్రాములైనా ఆకుకూర ఉండేలా చూసుకోమని నేను చెబుతుంటాను. బంగాళాదుంపను ఈ లెక్కలో వేసుకోకండి. అది అన్నం పక్షం.

ఈ లోటుకు మనం చెల్లిస్తున్న మూల్యం చిన్నది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత ఎక్కువ శాతం ఉందంటే, ఇది పేదిళ్లకే పరిమితమైన సమస్య కాదు. ఇక బీపీ సంగతి. కూరగాయలు, పండ్లు, కొవ్వు తక్కువున్న పాల పదార్థాలు ఎక్కువగా తింటే, ఉప్పు మార్చకపోయినా రక్తపోటు తగ్గుతుందని 1997లో అమెరికాలో వెలువడిన 'డ్యాష్' అధ్యయనం చూపించింది. నేను మాత్ర రాసివ్వగలను. మీ కంచంలో సగం కూర పెట్టే మాత్ర మాత్రం ఏ కంపెనీ తయారు చేయలేదు.

కట్ట పది రూపాయలకు దొరుకుతుంటే...

సరైన ప్రశ్నే. రైతుబజారులో ఆకుకూర చవకే. ఆకుకూర కొనలేని మధ్యతరగతి ఇల్లు నాకు కనిపించలేదు. అయినా తినడం లేదంటే చిక్కు ధరలో లేదు. ఆదివారం వారానికి సరిపడా కూరగాయలు తెచ్చి ఫ్రిజ్‌లో పెడతాం. సోమవారం ఆఫీసు హడావుడి. మంగళవారం 'రేపు చూద్దాం'. గురువారం నాటికి తోటకూర వాడిపోతుంది, చెత్తబుట్టలో పడుతుంది. ఆకుల్లో ఉండే విటమిన్-సి, ఫోలేటు కూడా కోసిన గంట నుంచీ తరుగుతూనే ఉంటాయి.

పెరట్లో మడి ఉంటే ఈ వరస తిరగబడుతుంది. బెండకాయ మీ తీరిక కోసం ఆగదు. ఇవాళ కోయకపోతే ఎల్లుండికి నారే. పందిరి మీద బీరకాయ కనిపిస్తుంటే మధ్యాహ్నం ఏం వండాలో అదే చెబుతుంది. పెరటితోట వల్ల నేను చూసిన పెద్ద లాభం ఇదే. అది ఇంటి వంటను నిర్ణయిస్తుంది. బంగ్లాదేశ్‌లో 1990 ప్రాంతం నుంచి హెలెన్ కెల్లర్ ఇంటర్నేషనల్ పల్లెల్లో పెరటితోటలను ప్రోత్సహిస్తోంది. అలాంటి కార్యక్రమాలన్నిటిలో ఎక్కువగా కనిపించిన మార్పు, ఆ ఇళ్లలో కూరగాయలు తినడం పెరగడం. మన రాష్ట్రంలోనూ అంగన్‌వాడీల్లో 'పోషణ వాటిక'లు, రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో పెరటితోటలు ఇదే ఆలోచనతో నడుస్తున్నాయి. పల్లెలో పేద కుటుంబానికి మంచిదని మనం మెచ్చుకునేది, పట్నంలో మన ఇంటికి పనికిరాకుండా పోదు కదా.

ఒకటి స్పష్టంగా చెప్పాలి. పెరటితోట మందు కాదు. 'ఇంట్లో మునగాకు ఉంది' అని ఐరన్ మాత్రలు మానేసే గర్భిణులు, 'సొంత కూరలే తింటున్నాం' అని షుగరు మాత్ర తగ్గించుకునేవాళ్లు ఉన్నారు. అలా చేయకండి. రక్తం బాగా తగ్గినప్పుడు ఆకుకూర ఒక్కటే దాన్ని పెంచలేదు. మళ్లీ తగ్గకుండా కాపాడటంలో మాత్రం అది గట్టి సాయం.

అంకణంలో ఎంత పండుతుంది?

నడిచే దారి పోగా అంకణాన్ని నాలుగు మడులు చేస్తే ఒక్కోటి 15 చదరపు అడుగులు వస్తుంది. వారానికో మడిలో విత్తనాలు చల్లండి. నాలుగో మడి చల్లిన వారానికి మొదటి మడి కోతకొస్తుంది. తోటకూర, పాలకూర బాగా పెరిగితే ఆ మడిలో ఒక కోతకు కిలో, కిలోన్నర దాకా వస్తాయి. నలుగురున్న ఇంటికి తలా 100 గ్రాముల చొప్పున వారానికి కావలసింది 2.8 కిలోలు. అంటే దాదాపు సగం అవసరం ఒక్క అంకణం తీరుస్తుంది. గోడ పక్కన ఒక మునగ చెట్టు, ప్రహరీ మీదికి పాకించిన ఒక దొండ తీగ ఉంటే మిగతాదానిలో చాలావరకు వాటి నుంచే వస్తుంది. 100 గ్రాముల మునగాకులో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అదే 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో సుమారు 120. మునగను మూడు నాలుగు అడుగుల ఎత్తులో కొట్టేస్తూ ఉంటే, చేతికందే ఎత్తులోనే గుబురుగా ఆకు ఇస్తుంది.

అపార్టుమెంటులో ఉన్నారా? రోజుకు నాలుగైదు గంటల ఎండ తగిలే బాల్కనీలో పది సంచులు పెట్టుకోవచ్చు. బచ్చలి, పొన్నగంటి, పుదీనా, పచ్చిమిరప అక్కడ బాగా వస్తాయి. నలుగురికీ అది చాలదు. కానీ రోజూ కూరలో చేతినిండా ఆకు వేసే అలవాటుకు అదే పునాది.

మన ఇసుక, మన ఉప్పు, మన వాన

వీడియోల్లో హైదరాబాద్‌వాళ్లు, గోదావరి జిల్లాలవాళ్లు చెప్పే నెలలను మన తీరానికి అలాగే వర్తింపజేయకండి. జూన్‌లో విత్తనాలు చల్లమంటారు. అప్పుడు మనకింకా ఎండలే. మన జిల్లాకు వానల్లో ఎక్కువ భాగం అక్టోబరు-డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. తుపాన్లూ అప్పుడే. కాబట్టి ఆ రోజుల్లో మడిని నేల మట్టానికి జానెడు ఎత్తు చేసుకోవాలి. లేకపోతే వేర్లు కుళ్లుతాయి. వానలు వెనకబట్టాక, డిసెంబరు నుంచి మార్చి దాకా మనకు మంచి కాలం. టమాటా, వంగ, మెంతి, కొత్తిమీర అన్నీ ఆ నాలుగు నెలల్లో పెట్టుకోండి. మే నెలలో టమాటా పూత రాలిపోతే బాధపడకండి. ఆ వేడికి కాయ పట్టదు. వేసవిలో గోరుచిక్కుడు, బెండ, గోంగూర, బచ్చలి నిలబడతాయి.

ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు... సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో, రొయ్యల గుంటల పక్కన బోరు నీళ్లు ఉప్పగా ఉండటం మామూలు. నీళ్లు నాలుకకు ఉప్పగా తగిలితే చిక్కుడు, క్యారెట్, ఉల్లి జోలికి పోకండి. అవి ఉప్పును ఓర్చుకోవు. పాలకూర, బీట్‌రూట్, గంగపాయల కూర చాలావరకు ఓర్చుకుంటాయి. గంగపాయలను కలుపు అని పీకి పారేస్తుంటారు. పప్పులో వేసుకుంటే దాని రుచే వేరు.

ఆర్వో యంత్రం వదిలేసే నీటిని కుండీలకు పోయకండి. బోరులోని ఉప్పంతా చిక్కబడి అందులోనే ఉంటుంది. ఏసీ నుంచి కారే నీటిలో మాత్రం ఉప్పుండదు, బకెట్టు పెట్టి పట్టుకోండి. కొబ్బరి పీచు పొడిని కొంటే, ఉప్పు పోయేలా రెండు మూడుసార్లు కడిగి వాడండి. ఇసుక నేలలో నీళ్లు నిలవవు కాబట్టి పశువుల ఎరువు, ఎండాకులు ఎంత కలిపితే అంత మంచిది. ఎరువు బాగా మాగినదై ఉండాలి.

పెంచడం సగం, కోయడం సగం

చాలా ఇళ్లలో మొక్కలు బాగానే పెరుగుతాయి. కోత దగ్గరే తోట పాడవుతుంది. కాయను చూసుకుని మురిసి, ఫొటో తీసి, 'ఇంకో రెండు రోజులు పెరగనిద్దాం' అంటారు. కాయ ముదిరితే మొక్క తన పని అయిపోయిందనుకుంటుంది. కొత్త పూత తగ్గిపోతుంది. లేతగా కోస్తూ ఉంటేనే కాస్తూ ఉంటుంది.

తోటకూరను 25-30 రోజులకు కోయండి. వేళ్లతో పీకకుండా నాలుగు వేళ్ల ఎత్తున కత్తిరిస్తే మళ్లీ చిగురిస్తుంది. రెండు మూడు కోతలు తీసుకోవచ్చు. మెంతికూర 20-25 రోజులకే వస్తుంది. గోంగూర కొన తుంచుతూ ఉంటే పక్కకొమ్మలు వేస్తుంది. బెండ పూసిన ఐదారు రోజులకే లేతకాయ సిద్ధం. రోజు విడిచి రోజు కోయాలి. కొన వంచితే టక్కున విరగాలి. వంకాయ మీద నిగనిగ ఉన్నప్పుడే కోయండి. మెరుపు తగ్గిందంటే లోపల గింజలు ముదిరినట్టే. బీరకాయను గోరుతో నొక్కితే తేలిగ్గా దిగాలి. దొండను లోపల ఎర్రబడక ముందే తెంపాలి. టమాటాకు రంగు తిరగగానే కోసి ఇంట్లో పెట్టుకోవచ్చు, పక్షుల బెడద తప్పుతుంది. ఏదైనా పొద్దున్నే, ఎండ ఎక్కకముందే కోయండి.

కోసింది ఒంటికి పట్టాలంటే వంటలోనూ మూడు సంగతులు. ఆకుకూరను కడిగాక తరగండి, తరిగాక కడగకండి. మూతపెట్టి తక్కువ నీళ్లతో ఉడికించండి. ఆకుకూరలోని ఇనుము ఒంటికి తక్కువగా పడుతుంది కాబట్టి కంచంలో నిమ్మరసం పిండుకోండి. గూడూరు నిమ్మకాయలు మన దగ్గర ఉండగా ఇది కష్టమేం కాదు. భోజనం చేసిన వెంటనే టీ, కాఫీ తాగితే ఆ కాస్త ఇనుమూ ఒంటికి పట్టదు. గంట ఆగండి. విటమిన్-ఎ కోసం చెంచా నూనెతో తాలింపు ఉండాలి. నూనె బొత్తిగా లేకుండా వండటం గొప్పేం కాదు.

తోటలో డాక్టరు భయాలు

తోట పెట్టమన్నవాడిగా అందులోని ప్రమాదాలు చెప్పడం నా బాధ్యత. అన్నిటికన్నా ముందు పురుగుమందు. చీమలకనో, వంకాయ పురుగుకనో దుకాణం నుంచి డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టకండి. మిగిలింది కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెడితే పిల్లలు తాగేస్తారు. క్షణికావేశంలో ఉన్నవాళ్ల చేతికి అది అందితే ఏమవుతుందో ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేసే ఎవరినైనా అడగండి. అంకణం తోటకు విషం అక్కరలేదు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం చల్లితే చాలు. వాడిన వంగ కొనలను తుంచి పారేయండి. పది కాయల్లో రెండు పుచ్చినా నష్టం లేదు. తక్కిన ఎనిమిది మీవే.

రెండోది నీటి నిల్వ. తొట్టిలో, కుండీ కింది పళ్లెంలో నిలిచిన మంచినీటిలోనే డెంగీ దోమ పెరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు. అందుకే వారానికోసారి అన్నీ బోర్లించి ఆరబెట్టండి, డ్రమ్ములకు మూత వేయండి.

మూడోది కాళ్లు. షుగరు ఉన్నవాళ్లు మడిలోకి చెప్పుల్లేకుండా దిగకండి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పది రోజుల తర్వాత చీముతో వస్తారు. కొన్నిసార్లు వేలు తీసేయాల్సి వస్తుంది. వానాకాలపు బురదలో మెలియాయిడోసిస్ అనే ప్రాణాంతక జబ్బు కలిగించే బ్యాక్టీరియా కూడా ఉండవచ్చు. అది షుగరు ఉన్నవాళ్లకే ఎక్కువగా వస్తుంది. బూట్లు, చేతి తొడుగులు వేసుకోండి. టెటనస్ బూస్టర్ పదేళ్లకోసారి తప్పనిసరి. పొదలు, గడ్డి పెరిగిన చోట పనిచేసిన తర్వాత జ్వరమొచ్చి, ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కనిపిస్తే అది స్క్రబ్ టైఫస్ కావచ్చు. ఆలస్యం చేయకుండా వస్తే చవకైన మాత్రలతోనే తగ్గుతుంది.

నాలుగోది మురుగు. సెప్టిక్ ట్యాంకు నీళ్లు, కాలువ నీళ్లు ఆకుకూరలకు పెట్టకండి. ఆ మురికి అంటిన ఆకుల ద్వారా బద్దెపురుగు గుడ్లు కడుపులోకి వెళితే మెదడులో తిత్తులు కట్టి ఫిట్స్ వస్తాయి. మాంసం ముట్టని ఇళ్లలోనూ ఈ జబ్బు వస్తుంది. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాలను మరింత శ్రద్ధగా కడగండి.

ఇక తిండి దగ్గర కొందరు ఆగి అడగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఆకుకూరల్లోని పొటాషియం ప్రమాదం కావచ్చు. గుండె కవాటం మార్చి రక్తం పల్చబడే వార్ఫరిన్, ఎసిట్రోమ్ వంటి మాత్రలు వాడేవాళ్లు ఒక వారం బుట్టెడు, ఒక వారం సున్నా అన్నట్టు తినకూడదు. ఎంత తిన్నా రోజూ ఒకేలా ఉండాలి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు పాలకూర, తోటకూర తగ్గించుకోవాలి. ఈ ముగ్గురూ తమ డాక్టరును అడిగాకే పెంచుకోండి.

ఇది ఎవరి పని?

చివరిగా, మధ్యతరగతి ఇళ్లలో ఎవరూ మాట్లాడని విషయం. మడి తవ్వి విత్తనం చల్లడం ఇంటాయన సరదా. కోయడం, ఏరడం, కడగడం, తరగడం ఇల్లాలి నెత్తిన పడుతుంది. ఆమె ఉద్యోగం చేస్తుంటే ఆ తోట మూడో నెలకే ఎండిపోతుంది, అందులో వింత లేదు. ఆకుకూర మన కంచంలోంచి పోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి. దాన్ని ఏరే తీరిక ఒక్కరికే ఉండాలనుకున్నాం. ఆ ఒక్కరికీ తీరిక లేకుండా పోయింది. అందుకే తోట పెట్టేముందు పని పంచుకోండి. కోత పిల్లలది. తాము కోసిన బెండకాయను వద్దనే పిల్లలు తక్కువ. ఏరడం, కడగడం ఇంట్లోని మగవాళ్లది. టీవీ ముందు కూర్చుని కూడా చేయవచ్చు. తాతయ్య, నాయనమ్మ ఉంటే పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత నీళ్లు పెట్టడం వాళ్లకు మంచి కాలక్షేపం. మిట్ట మధ్యాహ్నం మాత్రం వాళ్లను తోటలోకి పంపకండి.

ఇల్లు కట్టబోతున్నవాళ్లు ప్లాను మీద ఇవాళే ఒక అంకణం గీసి, అక్కడ సిమెంటు వేయొద్దని మేస్త్రీకి చెప్పండి. కట్టేసినవాళ్లు వెనక వైపు నాలుగు టైల్సు తీయించండి, లేదా పది సంచులు కొనండి. మొదటి వారం తోటకూర ఒక్కటే చల్లండి. నెల తిరిగేసరికి కోతకు వస్తుంది. ఆ రోజు వండిన పప్పులో ఆకు ఎక్కువ, పప్పు తక్కువ ఉండాలి. ఆ తర్వాత ఓపీకి వస్తే, నిన్న ఏం తిన్నారని నేను మళ్లీ అడుగుతాను.